బోణీ చెయ్యి

వెలుగు పక్షం, ఏకాదశి

ముప్ఫయ్యొక్క ఏళ్లు ఎండ అమ్ముకుని బతికాను. నిన్న మానేశాను.

తగాదా ఉన్నవాడు తేదీలు వేసి రాసిపెట్టుకోవాలని మా నాన్న అనేవాడు. ఆయనకి జీవితాంతం ఒకటే తగాదా, పొలం గట్టుది. రాసిపెట్టుకున్నందువల్ల గట్టు కదల్లేదు గానీ ఆయన దస్తూరీ బాగుపడింది. నా దస్తూరీ బాగుపడే వయసు కాదు. అయినా రాస్తున్నాను.

తేదీ సంగతి ముందు చెప్పాలి. భూమ్మీద తిథులు చంద్రుణ్ణి చూసి లెక్కపెట్టుకుంటారు. చంద్రుడి మీదే కాపురం ఉంటున్నవాళ్లం మేం ఎవర్ని చూసి లెక్కపెట్టాలి? మొదట వచ్చినవాళ్లు దీనిమీద ఆర్నెల్లు పోట్లాడుకున్నారట. చివరికి సూర్యుడు పైకొచ్చిన రోజు వెలుగు పాడ్యమి, కుంగిన మర్నాడు చీకటి పాడ్యమి అని తేల్చారు. ఇక్కడ తెల్లవారడం నెలకొకసారి. పక్షం రోజులు ఎండ, పక్షం రోజులు చీకటి. పంచాంగం ఇంత సుళువుగా ఉన్నా వర్జ్యం చూసుకునేవాళ్లు ఉన్నారు.

ఎండ ఉన్న పక్షంలోనూ అది మాకు ఊరికే రాదు. మా ఊరు పెద్ద గోతి గోడలో తవ్విన సొరంగాలు. దీన్ని గుంట అంటాం. కాగితాల మీద ఇంకేదో పేరుంది, దాన్ని ఎవరూ పలకరు. గుంట అంచున అద్దాలు పెట్టి, ఎండని గొట్టాల్లోంచి తిప్పి తిప్పి ఇళ్లలోకి దింపుతుంది సూర్యవాహిని కంపెనీ. ఇంటి కప్పులోంచి అరచెయ్యంత ఎండ పడుతుంది. ఆ అరచెయ్యి కింద పిల్లల్ని పడుకోబెడతారు, వడియాలు పెడతారు, దేవుడి పటం పెడతారు. ఇంటింటికీ తిరిగి ఆ కనెక్షన్లు అమ్మిందే నేను. నా హోదా స్వతంత్ర ప్రతినిధి. స్వతంత్రం అంటే జీతం ఉండదని అర్థం.

జీతానికి బదులు గ్రాములు రాస్తారు. కనెక్షన్‌కి అరవై గ్రాముల కమీషన్. అంటే, ఏడాదికొకసారి ఇక్కణ్ణుంచి భూమికి బయల్దేరే పడవలో అరవై గ్రాముల బరువుకి చోటు నా పేరున జమ. ఆ పడవని మేం పల్లకి అంటాం, బోయీలు మార్చి మార్చి మోస్తున్నట్టు ఊగుతుంది గనక. మనిషి బరువంతా పోగైతే మనిషి దిగిపోవచ్చు. నా ఒళ్లు యాభై ఎనిమిది కిలోలు. చేతికొచ్చిన కమీషన్ యాభై కిలోలు. ఇంకా రావలసింది ఏడు కిలోల రెండువందలు. మిగిలిన ఎనిమిది వందల గ్రాములూ ఉపవాసాలతో నేనే సర్దుకుంటాననుకున్నాను.

ఎందుకు మానేశానంటే, మూడు నెలలు బాకీ పడ్డవాళ్ల గొట్టం మూత ఇకమీదట ప్రతినిధే స్వయంగా వెళ్లి బిగించాలని రూలు పెట్టారు. ఎండ ఇచ్చిన చేత్తో మూయడం నావల్ల కాదని రెండు పేజీల ఉత్తరం రాసిచ్చాను. మంచి ఉత్తరం. చదివి కూడా వినిపించాను.

వెలుగు పక్షం, త్రయోదశి

రావలసిన గ్రాముల కోసం కంపెనీ కౌంటరుకి వెళ్లాను. కౌంటర్లో నిరంజన్ అనే కుర్రాడు. కుర్రాడంటే నలభై ఉంటాయి, ఇక్కడే పుట్టినవాడు. గుంటలో పుట్టినవాళ్లు తాటిచెట్లలా సాగి ఉంటారు. భూమి బరువుకి వాళ్ల ఎముకలు ఆగవు, అందుకని వాళ్లకి పల్లకి గొడవ లేదు. లేని కోరిక గురించి వాళ్లు ఎంత మర్యాదగా మాట్లాడతారో చూస్తే ఒళ్లు మండుతుంది.

నా ఒప్పందం తీసి పద్నాలుగో షరతు చూపించాడు. కనెక్షన్ పెట్టించుకున్న ఇల్లు అయిదేళ్లు నిలిస్తేనే దాని కమీషన్ ప్రతినిధి చేతికొస్తుంది. ఈలోగా ప్రతినిధి తనంతట తాను మానేస్తే ఆ అయిదేళ్లలో పెట్టించినవన్నీ కంపెనీకే జమ. నూట ఇరవై కనెక్షన్లు, ఏడు కిలోల రెండువందలు.

నేను బడి మొహం చూడలేదు. సరుకు పెట్టెల మీది అక్షరాలు కూడబలుక్కుంటూ నేర్చుకున్నాను. అందుకే ఏది చదివినా పెట్టె ముందువైపే చదివే అలవాటు. పద్నాలుగో షరతు కాగితం వెనకవైపు ఉంది.

"మీరు మానేశారండి. మేం మానిపించలేదు," అన్నాడు నిరంజన్. "మేం తీసేసి ఉంటే మొత్తం ఇచ్చేవాళ్లం."

"అయితే ఇప్పుడు తీసెయ్యి."

"లేని మనిషిని ఎలా తీసేస్తామండీ?"

ఉద్యోగుల సంఘానికి వెళితే, నువ్వు ఉద్యోగివి కావు, స్వతంత్రుడివి అన్నారు. వాడుకదార్ల ఫిర్యాదుల గదికి వెళితే, నీ పేరున కనెక్షన్ ఉందా అన్నారు. ప్రతినిధులకి ఎండ ఇవ్వరు. నా గదిలో ముప్ఫయ్యొక్క ఏళ్లుగా ట్యూబులైటే.

చీకటి పక్షం, విదియ

డాక్టర్ హమీదా బేగం దగ్గర ఎముకల పరీక్ష. ఇది లేనిదే పల్లకి ఎక్కనివ్వరు. ఆవిడ పటం చాలాసేపు చూసి, ఈసారికి చీటీ రాస్తాను గానీ వచ్చే ఏడాదికి మీ ఎముక చాలదు అంది. వచ్చే వెలుగు సప్తమికి పల్లకి. అదే నాకు ఆఖరిది.

చీటీ రాస్తూ ఇంకో మాట కలిపింది. "ఒళ్లు తగ్గించుకోవాలని చూడకండి గంగాచలం గారూ. యాభై ఏడు కిందికి దిగారంటే కండ చాలదు. చీటీ నేనే చింపేస్తాను."

చేతిలో ఉన్నది యాభై. ఎక్కాలంటే యాభైకి తగ్గాలి. తగ్గితే ఎక్కనివ్వరు. మా ఉప్పాడ వైపు చేపలకి మావు అని ఒకటి పెడతారు. వెదురు బుట్ట. మూతి దగ్గర పుల్లలు లోపలికి వంచి ఉంటాయి. చేప లోపలికి పోయేటప్పుడు పుల్లలు జరుగుతాయి, బయటికి వచ్చేటప్పుడు పొడుస్తాయి. చిన్నప్పుడు నేనే అల్లేవాణ్ణి. చేప ఏమనుకుంటుందో అప్పుడు తోచలేదు.

ఏముంది అక్కడ, ఎందుకు వెళ్లాలని అందరూ అడుగుతారు. నాకోసం ఎవరూ లేరు. నాక్కావలసింది చెమట. ఈ గుంటలో బరువు ఆరోవంతు. చెమట పడుతుంది గానీ కారదు. చర్మం మీద జిగురులా అంటుకుని ఉంటుంది, తుడుచుకోవలసిందే. రోహిణీ కార్తెలో నడినెత్తిన ఎండ పడుతుంటే చెమట నుదుటి మీంచి ముక్కు మీదికి, ముక్కు మీంచి చొక్కా మీదికి దానంతటది కారాలి. రాళ్లు పగిలే ఎండ అని అక్కడివాళ్లు తిట్టుకుంటారే, ఆ ఎండ. ముప్ఫయ్యొక్క ఏళ్లుగా దాన్ని అరచేతుల లెక్కన అమ్మాను. ఒక్కసారి టోకుగా కావాలి.

చీకటి పక్షం, సప్తమి

ఏడు కిలోల కోసం వెతుకుతున్నాను. జుట్టు తీయించాను, తొంభై గ్రాములు. పెట్టుడు పళ్లు తీసి గూట్లో పెట్టాను, నలభై. కళ్లజోడు తీస్తే చీటీ మీది బరువు కనబడలేదు గనక మళ్లీ పెట్టుకున్నాను.

వరహాలమ్మ కొట్లో కూర్చుని బిస్కెట్టు టీలో నానబెట్టుకు తింటున్నాను. ఆవిడ శ్రీకాకుళం మనిషి. సొరంగం తవ్వే మొగుడి వెంట వచ్చింది. ఆయన పోయాక కింది నడవలో టీకొట్టు పెట్టుకుంది. నా ఏడుపు అంతా ఆవిడకే చెబుతున్నాను. రోజూ వింటుంది, రోజూ టీ డబ్బులు తీసుకుంటుంది.

పళ్లు లేకుండా కంపెనీని తిట్టడం కష్టమని ఇవాళ తెలిసింది. కొన్ని అక్షరాలకి పళ్లు కావాలి.

చీకటి పక్షం, ద్వాదశి

దొంగతనం పట్టుకున్నాననుకున్నాను.

నా మొత్తం లెక్క అచ్చు వేయించి ఒక్కొక్క ఇల్లూ జ్ఞాపకం చేసుకుంటూ టిక్కులు పెట్టాను. ఎవరెవరికి అమ్మానో నాకు మనుషుల ముఖాలతో సహా గుర్తు. ప్రతి నెలా మొదటి కనెక్షన్ లెక్కలో లేదు. పదహారేళ్ల కిందటి దాకా ఉంది, అక్కణ్ణుంచి లేదు. కాగితం పట్టుకుని కౌంటర్లో కేకలు వేశాను. క్యూలో ఉన్నవాళ్లు నాకు చోటిచ్చారు.

నిరంజన్ పలక తిప్పి చూపించాడు. "ఇవి మీవి కాదండి. మీ ఉప ప్రతినిధివి."

"నాకు ఉప ప్రతినిధి ఎవరయ్యా?"

"వరహాలమ్మ గారు."

అప్పుడు అర్థమైంది. దీనికి కొంచెం వెనక్కి వెళ్లాలి.

వెలుగు పాడ్యమి నాడు పడే మొదటి బేరం మాకు బోణీ. బోణీ ఎవరి చేతి మీదుగా అవుతుందో నెలంతా అలాగే నడుస్తుంది. నా చెయ్యి మంచిది కాదు. నేను వేలు పెట్టి బోణీ చేసిన నెల అద్దం జారడమో, పెట్టించుకున్నవాళ్లు మర్నాడే వద్దనడమో జరిగేది. పదహారేళ్ల కిందట ఒక పాడ్యమి నాడు ఎవరో కనెక్షన్‌కి ఒప్పుకున్నారు. పలక మీద వేలు వెయ్యడానికి నాకు చెయ్యి రాలేదు. పక్కన వరహాలమ్మ టీ గ్లాసులతో నిలబడి ఉంది. నువ్వొకసారి నొక్కమ్మా అన్నాను. చెయ్యి పమిటకి తుడుచుకుని నొక్కింది. ఆ నెల ఏడు కనెక్షన్లు. మామూలుగా మూడైతే గొప్ప.

అప్పట్నుంచి ప్రతి పాడ్యమికీ మొదటి బేరం కుదరగానే పలక పట్టుకుని ముందు ఆవిడ కొట్టుకే వెళ్లేవాణ్ణి. ఆవిడ హస్తవాసి అలాంటిది. కొత్త వేలు పడితే పలక పేరు అడుగుతుంది. ఆవిడ పేరు కొట్టాను. హోదా అడిగితే, ఉన్నవాటిలో చిన్నది చూసి ఉప ప్రతినిధి అని కొట్టాను. పసుపు బొట్టు పెట్టినట్టే అనుకున్నాను తప్ప, వేలు ఎవరిదో కమీషన్ వాళ్లదని తట్టలేదు.

అయిదేళ్లు దాటినవి నూట ముప్ఫయ్యారు. ఎనిమిది కిలోల నూట అరవై గ్రాములు. ఆవిడ మానేయలేదు గనక పద్నాలుగో షరతు ఆవిడకి తగలదు. నిరంజన్ ఇంకో మాట కూడా, ఎవరూ అడక్కుండానే, మర్యాదగా చెప్పాడు. జమ ఉన్నవాళ్లు దాన్ని ఇంకొకరికి రాసివ్వొచ్చు. పలక మీద ఒక్క వేలు చాలు. అందుకు అరువు పలక ఒకటి చేతిలో పెట్టాడు.

దారి పొడుగునా గాల్లో నడిచాను. ఇక్కడ అదేం గొప్ప కాదనుకోండి.

వెలుగు పక్షం, పాడ్యమి

పొద్దున్నే పలక పట్టుకుని కొట్టుకి వెళ్లాను. పైన గుంట అంచున సూర్యుడు వచ్చి ఉంటాడు. కింది నడవకి అది తెలియదు. ఆవిడ ట్యూబులైటు కింద పాలు కాస్తోంది.

"మానేసినావన్నావు గదా. మళ్లా బోణీయా?" అంది.

పలక ముందుకి జాపాను. అంతే. దాదాపు రెండు వందలసార్లు జాపాను, ఎప్పుడూ ఆవిడ ఎందుకని అడగలేదు. ఇవాళా అడగలేదు. చెయ్యి పమిటకి తుడుచుకుంది, బొటనవేలు చాపింది.

పలక వెనక్కి లాక్కున్నాను.

ఇక్కడ నన్ను పొగడొద్దు. నాకు అడ్డుపడింది ధర్మం కాదు, భయం. మంచి చేతిని మోసంతో వాడుకుంటే ఆ చెయ్యి ఎదురు తిరుగుతుందని మా నాయనమ్మ చెప్పేది. ఆ వేలిముద్ర మీద పల్లకి ఎక్కితే అది భూమి చేరుతుందా అనిపించింది. పదహారేళ్లు నమ్మి నష్టపోయిన నమ్మకమే సరిగ్గా లాభం వచ్చే నిమిషంలో నా చెయ్యి పట్టుకుంది.

అంతా చెప్పాను. గ్రాములు, ఉప ప్రతినిధి, పద్నాలుగో షరతు, అరువు పలక. ఆవిడ పొయ్యి తగ్గించి, స్టూలు లాక్కుని కూర్చుని వింది. పాలు పొంగలేదు. ఆవిడ పాలు ఎప్పుడూ పొంగవు.

"అయితే ఇన్నాళ్లబట్టి ఇది నాదేనా?"

నీదే అన్నాను.

"పదారేళ్లలో ఒక్కసారన్నా నాకు సెప్పినావా?"

నాకూ తెలియదని చెప్పాను. నిజమే. కానీ నిరంజన్ కూడా నాతో అబద్ధం ఆడలేదు.

ఆవిడ కోపంగా లేదు. అదే బాధ. "నీకు కంపెనీ ఎగ్గొట్టినాదని పచ్చం రోజులబట్టి నా కాడ ఏడుస్తన్నావు. మరి నాకు ఎగ్గొట్టినోడెవుడు గంగాచలం బాబూ?"

టీ తాగకుండా వచ్చేశాను. డబ్బులు ఇవ్వాలా వద్దా అని దారిలో ఆలోచించాను. చివరికి వెనక్కి వెళ్లి ఇచ్చాను. తీసుకుంది.

వెలుగు పక్షం, తదియ

రెండు రోజులు ఆవిడేమీ చెప్పలేదు, నేనూ అడగలేదు. సంచీ సర్ది పెట్టుకున్నాను. సంచీ కాదు, సంచీ కూడా బరువే. కట్టుకునే జత మడతపెట్టి పెట్టుకున్నాను.

ఇవాళ కబురు పెట్టింది. కొట్లో ఎవరూ లేని వేళ చూసి కూర్చోబెట్టింది. సగం ఇవ్వమ్మా అని అడుగుదామని నోటిదాకా వచ్చింది. ఆవిడే ముందు అందుకుంది.

"సగం ఇద్దారనుకున్నాను. ఇస్తే ఏటి, నడుం దాకా దిగుతావా?"

నవ్వు వచ్చింది. పళ్లు లేవు గనక చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

ఆవిడ కౌంటరుకి వెళ్లి వచ్చిందట, తనే. టీకొట్టుకి ఎండ గొట్టం వెయ్యాలంటే ఎంతవుతుందని అడిగిందట. అద్దాలు భూమి నుంచి పల్లకిలోనే రావాలి గనక కంపెనీ దాని ధర కూడా గ్రాముల్లోనే చెబుతుంది. ఎనిమిది కిలోలు.

"ఊరందరికీ నా ఏలుతోనే ఎండ ఇప్పించినావు," అంది. "నా కొట్లో ఈ లైటే గదా. పాలు కాగినాయో లేదో రంగు సూసి ఎప్పుడూ ఎరగను. సప్పుడు ఇనే దించుతాను."

పదహారేళ్లుగా ఆ కొట్లో కూర్చుంటున్నాను. ఆవిడ పాలు చెవితో కాస్తుందని నాకు తెలియదు.

నువ్వు పెట్టించుకో అన్నాను. గొప్పగా అనలేదు. పళ్లు లేని నోట్లోంచి ఎలా వచ్చిందో అలా వచ్చింది. ఆవిడ బతిమాలలేదు, ఓదార్చనూ లేదు. దరఖాస్తు నువ్వే రాయి, నాకు రాదు అంది. రాశాను. నేను రాసిన కనెక్షన్లలో ఇది ఆఖరిది. ఈసారి కాగితం వెనకవైపు కూడా ఆవిడకి చదివి వినిపించాను. వెనకవైపున్న మూడో షరతు బాగాలేదని చెబితే ఆవిడ నిరంజన్‌తో పోట్లాడి అది కొట్టేయించింది. కొట్టేయించవచ్చని నాకు ముప్ఫయ్యొక్క ఏళ్లలో తెలియదు.

కింద ప్రతినిధి వేలిముద్ర అని ఉంది. నావైపు చూసింది. నేను ప్రతినిధిని కాను. ఆవిడే. చెయ్యి పమిటకి తుడుచుకుని తన ఎండకి తనే బోణీ చేసుకుంది.

ఎనిమిది కిలోలు పోను నూట అరవై గ్రాములు మిగిలాయి. వాటిని నా పేరున రాసిచ్చింది. వద్దంటే, ఉంచుకో, టీ గ్లాసు బరువు అంది.

వెలుగు పక్షం, సప్తమి

పల్లకి వెళ్లింది. సొరంగం గోడ మీద చెయ్యి ఆనిస్తే అదురు తెలుస్తుందంటారు. ఆనించాను. తెలిసింది.

గూట్లోంచి పళ్లు తీసి పెట్టుకున్నాను.

వెలుగు పక్షం, ఏకాదశి

నిన్న గొట్టం బిగించారు. ఇవాళ వెళ్లాను. కొట్టు నడుమ స్టూలు మీద అరచెయ్యంత ఎండ పడుతోంది. జనం దాని చుట్టూ నిలబడి టీ తాగుతున్నారు, స్టూలు మీద మాత్రం ఎవరూ కూర్చోలేదు. ఆవిడ పాలగిన్నె పట్టుకొచ్చి ఆ వెలుగులో ఒకసారి వంచి చూసింది. ఇంతకాలం పాలు ఇలా ఉన్నాయా అన్నట్టు చూసి, మళ్లీ పొయ్యి మీద పెట్టింది.

"కూకో బాబూ. అదుగో జాగా," అంది.

కూర్చున్నాను. జుట్టు లేని నెత్తి మీద ఎండ పడింది. మనుషులు మాట్లాడుతున్నారు, నేను మాట్లాడలేదు. నాకది అలవాటు లేని పని. చాలాసేపటికి నుదుటి మీద చెమట పట్టింది. తుడుచుకోలేదు. అది ఊరింది, పెద్దదైంది, బొట్టు కట్టింది. కదలకుండా కూర్చున్నాను. ఎప్పటికో, పాకే పురుగులా, అది కిందికి బయల్దేరింది.

కనుబొమ దాకా వచ్చి ఆగింది.

వరహాలమ్మ తువ్వాలు జాపింది. కాసేపు ఉండమన్నాను.